తాత కాని తాత కోసం హోప్ టౌన్‌కి

ఇంటి చరిత్ర వెతికేవాళ్లని కాగితం దొరక్కపోవడం నిరాశపరుస్తుంది. కోరుకున్న కాగితమే దొరికితే మాత్రం అది దారి తప్పిస్తుంది. అండమాన్‌లోని ఒక చిన్న రేవులో నాకు తెలిసొచ్చిన సంగతి ఇది.

"ధాత పుష్యం. పెద్దోడు ఓడెక్కినాడు."

మా ఇంట్లో ఉన్న పాత చిట్టా పుస్తకంలో, చివరి కాగితాల్లో, ఈ రెండు ముక్కలున్నాయి. దానికి ముందూ వెనకా అన్నీ గింజల లెక్కలే. ఎవరికి ఎన్ని కుంచాలు కొలిచారు, ఎవరు ఎంత బాకీ పడ్డారు. ఆ లెక్కల మధ్య తిథీ వారమూ వేసి ఎవరో ఈ మాట రాశారు, కింద ఒక గీత కొట్టారు, మళ్లీ ధాన్యంలోకి వెళ్లిపోయారు. సంతకం లేదు. సిరా వెలిసిపోయి తుప్పు రంగుకి తిరిగింది. కొడుకో తమ్ముడో ఇల్లు వదిలి సముద్రం మీదికి పోయిన రోజున ఆ రాసినాయన మనసు ఎలా ఉందో ఆ గీత ఒక్కటే చెబుతుంది. అది కాగితం చిరిగేంత గట్టిగా పడింది.

మాది శ్రీకాకుళం తీరం. మా మేనత్తకి తొంభై దగ్గరపడ్డాక ఒకసారి ఆ మాట చదివి వినిపించాను. "అవును నాయినా, మా నాయినమ్మ సెప్పీది. పెద్దోడు దీపాంతరం పోనాడు, మరింక రానేదని. సెప్పినప్పుడల్లా ఏడిసీది" అంది. అంతకుమించి ఆమెకీ తెలియదు.

ఆ రెండు ముక్కల మీద నేను ఒక పెద్ద కథ కట్టాను. ద్వీపాంతరం అంటే అండమాన్ శిక్షే కదా అనుకున్నాను. ధాత అనగానే ధాత కరువు గుర్తొచ్చింది. 1876లో మొదలై 1878 దాకా దక్షిణాదిని ఊడ్చేసిన కరువది. ధాత పుష్యం అంటే 1876 డిసెంబరు, 1877 జనవరి. పెద్దోడు అంటే మా ముత్తాతకి అన్నగారు అయి ఉండాలి. పిల్లలు ఆకలితో మాడుతుంటే ఏ షావుకారి కొట్టో పగలగొట్టి గింజలు తెచ్చి ఉంటాడు, దొరికిపోయి ఉంటాడు, తెల్లదొరలు కాలాపానీకి పంపి ఉంటారు. చెప్పుకోవడానికి ఎంత నిండైన కథ! దొంగే, కానీ తలెత్తుకుని చెప్పుకోదగ్గ దొంగ.

మద్రాసు ప్రెసిడెన్సీ నాటి కాగితాల్లో వెతికితే ఆ అన్నగారి పేరు నిజంగానే దొరికింది. గంజాం జిల్లా. తండ్రి పేరు కూడా మా వంశంలో ఉన్న పేరే. బందిపోటు నేరం, యావజ్జీవం. గుర్తులు అన్నచోట, ఎడమ కనుబొమ మీద పాత గాయం మచ్చ అని ఉంది. మా నాన్నకి కూడా కనుబొమ దగ్గర చిన్న మచ్చ ఉంది. గాయం మచ్చ వారసత్వంగా రాదని తెలిసి కూడా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరో జాబితాలో, కొన్నేళ్ల తర్వాత, అదే మనిషి పేరు పక్కన హోప్ టౌన్ అని కనిపించింది. టిక్కెట్టు కొన్నాను.

రేవు, కొండ, ఇరవై రూపాయల నోటు

మొన్నమొన్నటి దాకా పోర్ట్ బ్లెయిర్ అన్న ఊరిని 2024 నుంచి శ్రీ విజయపురం అంటున్నారు. అక్కడ చాథమ్ రేవులో ఫెర్రీ ఎక్కితే అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో దింపుతుంది. అక్కణ్నుంచి కొండ వైపు పోయే రోడ్డు మీదే ఉంటుంది హోప్ టౌన్. చమురు ట్యాంకులు, కొబ్బరి చెట్లు, రేకుల ఇళ్లు, గుమ్మం దాకా వచ్చే సముద్రం. వెనక లేచిన కొండ పేరు మౌంట్ హారియట్. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్ల మధ్య దీపస్తంభం బొమ్మ చూసే ఉంటారు. అది ఈ కొండ మీది నుంచి కనిపించే దృశ్యమే.

చరిత్ర పుస్తకాల్లో హోప్ టౌన్ ఒక్క సాయంత్రం వల్ల మిగిలింది. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో ఈ కొండెక్కి సూర్యాస్తమయం చూసి, చీకటి పడుతుండగా దివిటీల వెలుగులో రేవులోకి దిగాడు. షేర్ అలీ అఫ్రిదీ అనే పఠాన్ ఖైదీ వెనక నుంచి దూకి కత్తితో పొడిచాడు. మేయో బతకలేదు. పదవిలో ఉండగా హత్యకి గురైన వైస్రాయ్ ఆయన ఒక్కడే. మరుసటి నెల 11న షేర్ అలీని వైపర్ దీవిలో ఉరితీశారు.

చంపినవాడి ఊరు, తెగ, పాత కేసు అన్నీ కాగితాల్లో ఉన్నాయి. చచ్చిపోయినవాడి గురించి చెప్పనే అక్కర్లేదు. ఆ రేవులో, ఆ కొండ వాలులో, రోజూ చెట్లు నరికి, రాళ్లు మోసి, చిత్తడి నేల పూడ్చిన వేలమంది సంగతి మాత్రం వేరు. వాళ్ల మెడలో ఇనుప కడియానికి ఒక చెక్క బిళ్ల వేలాడేది. దాని మీద నంబరు, శిక్ష పడ్డ సెక్షను, తేదీ ఉండేవి. నేను వెతుకుతున్నది ఆ బిళ్లల్లో ఒకదాన్ని.

ఎవరు ఎవరి మనవలు

1858 మార్చిలో రెండు వందల మంది ఖైదీలతో బ్రిటిష్‌వాళ్లు ఇక్కడ శిక్షా స్థావరం తెరిచారు. మొదట వచ్చింది 1857 తిరుగుబాటులో పట్టుబడ్డవాళ్లు. తర్వాత దేశం నలుమూలల నుంచీ, బర్మా నుంచీ, హత్యలకీ దోపిడీలకీ శిక్షపడ్డవాళ్లు. చాలా ఏళ్లు మంచి నడవడితో గడిపితే 'సెల్ఫ్ సపోర్టర్' అనే చీటీ ఇచ్చేవారు. అంటే జైలు బయట గుడిసె వేసుకుని, నేల దున్నుకుని, సొంతంగా బతకొచ్చు. ఊళ్లో ఉన్న భార్యని పిలిపించుకోవచ్చు. లేదంటే ఆడ ఖైదీల్లో ఒకరిని, అధికారుల అనుమతితో, పెళ్లి చేసుకోవచ్చు. అలా ఒక ప్రాంతం మగవాడు, మరో ప్రాంతం ఆడది, వేరే కులం, ఒక్కోసారి వేరే మతం, ఒక ఇల్లయ్యారు. వాళ్ల పిల్లలు ఇంట్లో మాట్లాడింది అటు తండ్రి భాషా కాదు, ఇటు తల్లి భాషా కాదు. అందరికీ నడిచే హిందుస్తానీ. వాళ్ల సంతతినే ఇక్కడ 'లోకల్ బార్న్' అంటారు.

ఇది తెలియక నేను మొదటి రెండు రోజులూ వృథా చేసుకున్నాను. హోప్ టౌన్ చుట్టుపక్కల తెలుగు మాట వినబడ్డ ప్రతి ఇంటికీ వెళ్లి, మీ పెద్దవాళ్లు శిక్ష మీద వచ్చారా అని అడిగాను. కొందరు నొచ్చుకున్నారు కూడా. అండమాన్ నికోబార్‌లో 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాష అన్నవాళ్లు నూటికి 13 మంది. వాళ్లలో చాలామంది కుటుంబాలు స్వాతంత్ర్యం తర్వాత శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకీ కూలికీ బతుకుతెరువుకీ ఓడెక్కి వచ్చినవే. జంగ్లీఘాట్‌లో దిగితే మా ఊరి సంతలో ఉన్నట్టే ఉంటుంది. వాళ్లకీ ఖైదీలకీ సంబంధం లేదు. మరోవైపు, తెలుగు ఖైదీ మునిమనవడు ఎవరైనా ఉంటే అతని నోట తెలుగు ముక్క రాదు. ఇక్కడ భాష ఒక దారిన పోయింది, రక్తం ఇంకో దారిన పోయింది. తెలుగువాళ్లలో తెలుగు ఖైదీ వారసుణ్ని వెతకడమంటే లేని చోట తవ్వడమే.

లోకల్ బార్న్ కుటుంబానికి చెందిన ఒక రిటైర్డ్ పెద్దాయన తన దగ్గరున్న నకలు కాగితం ఒకటి చూపించారు. ఇంట్లో వాళ్ల మూలపురుషుణ్ని 'మద్రాసీ' అనేవారట. వింధ్యకి ఇవతల పుట్టినవాళ్లందరికీ ఆ రోజుల్లో అదొక్కటే పేరు. కాగితంలో పేరు చివర 'గాడు' అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. అది తమ ఇంటిపేరనో, కులం పేరనో ఆయన ఇన్నేళ్లూ అనుకున్నారు. దక్షిణాది నుంచి ఎవరొచ్చినా, ఈ పేరున్నవాళ్లు మీ వైపు ఉన్నారా అని అడిగేవారట.

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. తర్వాత హిందీలో, నాకు చేతనైనట్టు చెప్పాను. అది ఇంటిపేరు కాదండీ, వెనకటి పోలీసులూ కోర్టు గుమాస్తాలూ పేదవాళ్ల పేర్లు అలాగే రాసేవారు, ఇంట్లో అప్పన్న అనో అప్పయ్య అనో పిలుచుకునే మనిషిని కాగితం మీద అప్పిగాడు చేసేవారు అని. ఆయన కాగితం మడిచి, చాలాసేపు మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నారు. "అయితే ఆయన అసలు పేరు?" అన్నారు. 'గాడు' తీసేసి, ముందున్న ముక్కని తెలుగులో ఎలా పలుకుతామో రెండు మూడు రకాలుగా పలికి వినిపించాను. ఆయన ఒకదాన్ని ఎంచుకుని నాలుగైదు సార్లు అనుకున్నారు. ఎంచుకున్నదే సరైనదని నేను చెప్పలేనని కూడా ఆయనకి చెప్పాల్సి వచ్చింది.

ఇక్కడి స్థానిక రికార్డుల్లో చాలా భాగం 1942 మార్చి నుంచి మూడున్నరేళ్లు సాగిన జపాన్ ఆక్రమణలో నాశనమైంది. మిగిలింది ఢిల్లీలో జాతీయ అభిలేఖాగారానికీ, లండన్‌లో ఇండియా ఆఫీసు కాగితాలకీ, చెన్నై ఎగ్మూరులోని అభిలేఖాగారానికీ చేరిన నకళ్లు. జాతీయ అభిలేఖాగారం కొన్నింటిని 'అభిలేఖ్ పటల్' పోర్టల్లో పెట్టింది. ఇంట్లో కూర్చుని చూడొచ్చు, కానీ పేరు వేసి మీట నొక్కగానే తాత ప్రత్యక్షం కాడు. మన పేరు మద్రాసు గుమాస్తా చెవిలో ఒకలా, ఓడ మీద ఒకలా, ఉర్దూ తెలిసిన మున్షీ చేతిలో మరోలా మారి ఉంటుంది. ఎర్రయ్య అన్న పేరుని ఎన్ని రకాలుగా ఇంగ్లీషులో రాయొచ్చో ముందు ఒక కాగితం మీద రాసుకుని, ఆ తర్వాత వెతకడం మొదలుపెట్టాలి.

ఫిజీకీ మారిషస్‌కీ కూలికి పోయిన తెలుగువాళ్ల వారసులు ఈ విషయంలో కాస్త నయం. వాళ్ల తాతలకి వలస చీటీలున్నాయి. తండ్రి పేరు, ఊరు, జిల్లా, ఎక్కిన ఓడ అన్నీ వాటిలో ఉంటాయి. మారిషస్‌లో మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ వాటిని కాపాడుతోంది.

అయితే ఊరూ జిల్లా కూడా నిలకడగా ఉండవు. ఈ రోజు శ్రీకాకుళం జిల్లా అంటున్న నేలలో చాలా భాగం 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేది. ఆ ఏడు ఏప్రిల్లో ఒరిస్సా ఏర్పడ్డప్పుడు అది విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అయింది. ఒకే ఇంట్లో, ఒకే గదిలో పుట్టిన తాత, తండ్రి, కొడుకు మూడు జిల్లాలవాళ్లుగా రికార్డవుతారు. పాత ఇంగ్లీషు కాగితాల్లో శ్రీకాకుళం చికాకోల్ అయి ఉంటుంది. హోప్ టౌన్ వెనక ఉన్న కొండ సంగతే చూడండి. 1891 యుద్ధంలో ఓడిన మణిపూర్ రాజు కులచంద్రనీ ఆయన మనుషుల్నీ అక్కడ ఉంచారు కాబట్టి 2021లో దాన్ని మౌంట్ మణిపూర్ చేశారు. రేపు ఎవరి మనవరాలో 'మౌంట్ హారియట్' అన్న ముత్తాత ఉత్తరం పట్టుకుని పటంలో వెతుక్కుంటుంది.

గొప్పవాడే కావాలనుకుంటే

ఈ వెతుకులాటలో అందరినీ పట్టే జబ్బు ఒకటుంది. మన తాత గొప్పవాడై ఉండాలని కోరుకోవడం. అండమాన్ అనగానే సెల్యులర్ జైలు, జైలనగానే స్వాతంత్ర్య యోధుడు. ఇల్లిల్లూ తిరిగితే ఈ గొలుసు ఎంత గట్టిదో తెలుస్తుంది. కానీ ఆ జైలు కట్టడం 1896లో మొదలై 1906లో పూర్తయింది. 1880లలో వచ్చి, సెల్ఫ్ సపోర్టర్ అయి, హోప్ టౌన్‌లో గుడిసె వేసుకున్న మనిషి ఆ కొట్లలో ఉండే అవకాశం తక్కువ. ఆ జైల్లో 1930లలో ఉన్న రాజకీయ ఖైదీలనేమో, నిరాహార దీక్షల తర్వాత, 1938 మొదటికల్లా సొంత రాష్ట్రాలకి పంపేశారు. వాళ్లు ఇక్కడ ఇళ్లు కట్టుకుని ఉండిపోయినవాళ్లు కారు. మన్యం తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి, తిరిగివచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యారు. ఆయన గురించి గర్వపడటానికి ఆయన మన తాతే కానక్కర్లేదు.

దీనికి అవతలి కొస సిగ్గు. నేరం చేసి వచ్చిన పెద్దవాణ్ని దాచిపెట్టడానికి కొన్ని ఇళ్లలో కథలే మార్చేశారు. ఆడ ఖైదీల విషయంలో ఇది మరీ కరకు. వాళ్లలో చాలామంది పసిబిడ్డని చంపిన నేరం మీద వచ్చినవాళ్లు. మొగుడు పోయాక కడుపొస్తే ఊరు బతకనివ్వని కాలం అది. ఆ ముత్తవ్వల పేర్లు వంశవృక్షాల్లో కనిపించవు. 'భార్య' అని ఒక ముక్క రాసి ఊరుకుంటారు. పిల్లల్ని కని, పెంచి, ఈ దీవిలో ఒక జాతిని నిలబెట్టిన తల్లులకి మనం పేరు కూడా మిగల్చకపోవడం నాకు చాలా బాధ కలిగించింది. వెతికేవాళ్లెవరైనా సరే, దయచేసి తల్లి వైపు కూడా వెతకండి.

ఇక్కడ ఇంటి చరిత్రకి ఇంకో బరువు కూడా ఉంది. 1942కి ముందు నుంచి ఉన్న కుటుంబాలని ఓబీసీలుగా గుర్తించారు. కాబట్టి ముత్తాత వచ్చిన ఏడు మనవరాలి సీటుతో ముడిపడుతుంది. ఎవరైనా ఒక తేదీ చెబితే, ఆ తేదీ వల్ల వాళ్లకి ఏం ఒరుగుతుందో కూడా గుర్తుపెట్టుకుని వినాలి. అబద్ధం చెబుతారని కాదు. పదిసార్లు దరఖాస్తులో రాసిన మాట చివరికి జ్ఞాపకంలా అనిపిస్తుంది.

రంగం పెట్టె

మూడో రోజు సాయంత్రం హోప్ టౌన్‌లోనే ఒక ముసలమ్మ గుమ్మంలో కూర్చున్నాను. బారువ వైపు మనిషి. చిన్నప్పుడు అమ్మానాన్నలతో ఓడలో వచ్చిందట. వాళ్లబ్బాయి వల బాగుచేసుకుంటున్నాడు. ఆమె టీ ఇచ్చి, నా కథంతా ఓపిగ్గా విని, ఒక్కొక్క ప్రశ్నా అడగడం మొదలుపెట్టింది.

"ఆ పుస్తకం ఇన్నాళ్లూ ఏడ దాసినారు బాబూ?"

"మా ఇంట్లో రంగం పెట్టెలో ఉండేదమ్మా."

"రంగం పెట్టా?" ఆమె చేతిలో గ్లాసు కింద పెట్టింది. "మీ ఇంటికి రంగం పెట్టి ఎలాగొచ్చింది? ఎవులు తెచ్చినారు?"

నా నోట మాట రాలేదు. నల్లటి టేకు పెట్టె, మూలలకి ఇత్తడి రేకులు, మూత లోపల ఏవో గుండ్రటి అక్షరాలు. పుట్టినప్పటి నుంచీ దాన్ని రంగం పెట్టె అనే విన్నాను. రంగం అంటే రంగూన్ అని తెలుసు. మా తీరంలో ఎవరికి తెలియదు? కళింగపట్నం, భీమిలి, విశాఖ రేవుల్లో ఓడెక్కి తరాల తరబడి మావాళ్లు రంగం పోయారు, మిల్లుల్లో, రేవుల్లో మూటలు మోశారు. కానీ ఆ పెట్టె మా ఇంటికి ఎవరు తెచ్చారో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

"దీపాంతరం అంటే జైలే అనుకున్నావు నువ్వు" అంది ఆమె. "మా ఊర్లో ఓడెక్కిపోనోలందరినీ అలాగే అనీవోరు. మమ్మల్నీ దీపాంతరం పోనారనే సెప్పుకునీవోరు మావోలు."

తిరిగొచ్చాక మళ్లీ మొదటి నుంచీ చూశాను. తెలుగు సంవత్సరాల పేర్లు అరవయ్యేళ్లకోసారి తిరిగొస్తాయి. ధాత 1876లో వచ్చింది, 1936లో కూడా వచ్చింది. నేను కరువు కోసం మొదటిదాన్ని పట్టుకున్నాను. ఆ కరువు అసలు విరుచుకుపడింది బళ్లారి, కర్నూలు, కడప వైపు. గంజాంని మంచాన పడేసిన కరువు 1866ది. ఆ ఒక్కటి గమనించినా ఆగి ఉండేవాణ్ని. చిట్టాలో తిథి పక్కన వారం కూడా ఉంది కదా. పాత పంచాంగాల్లో రెండు ధాతల పుష్యమాసాలూ తీసి చూశాను. 1876–77లో ఆ తిథి ఆ వారం నాడు రాలేదు. 1937లో వచ్చింది.

మేనత్త మాట కూడా అప్పుడు అర్థమైంది. పెద్దోడు అన్నది ఎవరు? ఆమె నాయనమ్మ. నాయనమ్మ ఏడుస్తూ పెద్దోడు అంటే అత్తగారి పెద్దకొడుకు ఎలా అవుతాడు? తన పెద్దకొడుకే. అంటే మా తాతకి స్వయానా అన్న. 1937లో ఓడెక్కి వెళ్లిపోయాడు. పెట్టె పంపాడు, లేదా ఒకసారి వచ్చి ఇచ్చి మళ్లీ వెళ్లాడు. 1942లో జపాన్ బర్మా మీద పడ్డప్పుడు లక్షలమంది అడవుల్లో నడిచి ఇటు వచ్చారు. దారిలో వేలమంది పోయారు. ఆయన రాలేదు.

మరి ఖైదీ పేరు, తండ్రి పేరు రెండూ ఎలా కలిశాయి? మా వైపు తాత పేరు మనవడికి పెడతారు. ఒక ఇంట్లో రెండే పేర్లు తరం విడిచి తరం తిరుగుతుంటాయి. ఆ రెండూ సింహాచలం అప్పన్నవో, ఊరి అమ్మవారివో అయితే ఊరికి పదిమంది ఉంటారు. పేర్లు కలిస్తే చాలదని, కనీసం ఇంటిపేరూ ఊరూ కూడా కలవాలని ఇప్పుడు ఎవరడిగినా చెబుతున్నాను. ఆ ఖైదీ కాగితంలో ఇంటిపేరు లేదు. లేకపోవడం నాకు అప్పుడు అనుకూలంగా కనిపించింది.

రంగం పెట్టెలో ఇప్పుడు రెండు కవర్లున్నాయి. ఒకదాంట్లో చిట్టా పుస్తకం, మూత లోపలి బర్మా అక్షరాల ఫొటో, బర్మా నుంచి నడిచి వచ్చినవాళ్ల గురించి సేకరిస్తున్న కాగితాలు. ఆ అక్షరాలు చదవగలవాళ్ల కోసం చూస్తున్నాను. రెండో కవరు మావాడు కాని మనిషిది. పారేద్దామనుకున్నాను గానీ, హోప్ టౌన్‌లో ముసలమ్మకి ఫోన్ చేసి సంగతి చెప్పినప్పుడు ఆమె ఒప్పుకోలేదు. "పారీకు బాబూ. ఆయనకీ ఎవులో ఉంటారు కదా" అంది. కవరు మీద తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో రాశాను: గంజాం జిల్లా, బందిపోటు కేసు, యావజ్జీవం, కొన్నేళ్ల తర్వాత హోప్ టౌన్, ఎడమ కనుబొమ మీద గాయం మచ్చ. నకలొకటి ఆ రిటైర్డ్ పెద్దాయనకి పంపాను. అక్కడి లోకల్ బార్న్ ఇళ్లలో ఆయన అడుగుతున్నారు.